ఒక యుద్ధము - ఇరువురు బాలురు

యుద్ధచరిత్రలను వ్రాయువారు సేనల సంఖ్యను వ్రాయుదురు. మునిగిన యోడలను లెక్కింతురు. సంధిపత్రముపై నెవరెవరు చేవ్రాలు చేసిరో చెప్పుదురు. ఆ యుద్ధము సాగుచున్న దినములలో పదియేండ్ల పిల్లవాడు బడిలో నేమి నేర్చెనో, పండ్రెండేండ్ల పిల్లవాడు మూసిన రైలుపెట్టెలో నెక్కడికి గొనిపోబడెనో వారి గ్రంథములలో తరచుగా కానరాదు. కాని యుద్ధము ముగిసిన పిమ్మట ఏబదియేండ్లు, అరువదియేండ్లు లోకమున మెలగవలసినవారు ఆ పిల్లలే. సేనాపతులు పోవుదురు, పిల్లలు మిగులుదురు. వారి మనస్సులలో నేమి మిగిలినదో దానినిబట్టియే తరువాతి శాంతి నిలుచుటయో కూలుటయో జరుగును. కావున నేడు మా పాఠకుల యెదుట ఇరువురు బాలుర వృత్తాంతము నుంచుచున్నాము. ఇది కల్పితకథ కాదు. 2001వ సంవత్సరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము వారు ప్రకటించిన యొక గ్రంథమున ఆ యిరువురును తమ బాల్యములను ప్రక్కప్రక్కన నుంచి చెప్పిరి. ఆ గ్రంథము పేరును తెలుగున ‘అసామాన్యమైత్రి’ యనవచ్చును. కర్తలు బెర్నట్ రోస్నర్, ఫ్రెడరిక్ ట్యూబాక్.

మొదటివాడు యూదుడు. హంగరీదేశమున బాలటన్ సరస్సునకు దక్షిణముగా టాబ్ అను చిన్న యూరున ఆచారవంతమైన యూదకుటుంబమున 1932లో జన్మించెను. హంగరీలో యూదులకు వ్యతిరేకముగా శాసనములు 1938 నుండియే పుట్టినను, సామూహికమరణము వారి గడపలకు వచ్చినది 1944వ సంవత్సరమున. ఆ యేట మార్చి 19వ తేదీని జర్మనుసేనలు హంగరీని ఆక్రమించినవి. ఏప్రిలు 5వ తేదీనుండి యూదులందరును వస్త్రములపై పసుపుపచ్చని నక్షత్రమును ధరింపవలెనని నిర్బంధించిరి. మే 15వ తేదీకిని జూలై 9వ తేదీకిని నడుమ, అనగా ఎనిమిది వారములలో, సుమారు 4,37,000 మంది యూదులను పశువుల బండ్లలో నెక్కించి పంపిరి. వారిలో మిక్కిలి ఎక్కువమంది పోయిన తావు ఆష్విట్జ్. రైలు దిగినచోటనే విభజన జరుగుచుండెను. వృద్ధులను, చంటిబిడ్డల తల్లులను, చిన్నపిల్లలను ఒకవైపునకును, పనికి బలముగలవారిని వేరొకవైపునకును త్రోసిరి. మొదటివైపు పోయినవారు సాయంకాలమును చూచుట అరుదు. పండ్రెండేండ్ల రోస్నరు తల్లిదండ్రులతోను తమ్మునితోను ఆ తావునకు చేరెను. ఆ కుటుంబములో బ్రదికి బయటపడినవాడు అతడొక్కడే. ఆష్విట్జ్ నుండి అతనిని ఆస్ట్రియాలోని మౌతౌసన్ శిబిరములకు తరలించిరి. 1945 మే మాసమున అమెరికనుసేనలు వచ్చి విడిపించునప్పటికి అతనికి ఇల్లు లేదు, ఊరు లేదు, తనవాడని పిలుచుటకు మనుష్యుడు లేడు.

రెండవవాడు జర్మనుడు. 1930లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో పట్టణమున, జర్మనీనుండి వలసవచ్చిన తల్లిదండ్రులకు పుట్టెను. 1933లో ఆ కుటుంబము స్వదేశమునకు మరలిపోయెను. హిట్లరు అధికారమునకు వచ్చినదియు ఆ సంవత్సరముననే. మైన్ నదీతీరమున క్లైన్‌హాయ్‌బాక్ అను పల్లెలో బాలుడు పెరిగెను. తండ్రి నాజీపక్ష సభ్యుడు, యుద్ధకాలమున సైన్యోద్యోగి. కుమారుడు పదియేండ్ల ప్రాయమున, నాటి జర్మనుబాలురందరివలెనే, బాలదళమున చేరెను. ఇది ఐచ్ఛికము కాదు. హిట్లరు యువజనసంఘమును గూర్చిన శాసనము 1936 డిసెంబరు 1వ తేదీని వెలువడెను. 1939 మార్చి 25వ తేదీ యుత్తరువుతో అందు చేరుట నిర్బంధమయ్యెను. బాలురు పదియవయేట చిన్నదళమునకు, పదునాలుగవయేట పెద్దదళమునకు పోవలెను. బాలికలకు వేరుదళములు గలవు. మన గడపలపై మంగళచిహ్నముగా దీర్చు స్వస్తికమును ఆ పసివారి భుజములకు గట్టి, తప్పెటలు మ్రోగించి, రాత్రివేళ నెగళ్లచుట్టును గూర్చుండబెట్టి పాటలు పాడించిరి. పిల్లవానికి ద్వేషమును ద్వేషమని చెప్పి యెవరును త్రాగింపరు. ఆట యని, పాట యని, దేశభక్తి యని చెప్పియే త్రాగింతురు.

బడియు దీనికి తోడయ్యెను. 1938లో యూలియస్ ష్ట్రైకర్ అనువాని ముద్రణాలయము పిల్లలకొరకు రంగుబొమ్మలతో నొక పుస్తకమును వెలువరించినది. దాని పేరు ‘విషపు పుట్టగొడుగు’. మంచి పుట్టగొడుగును చెడ్డదానినుండి వేరుచేయుట కష్టమైనట్లే, యూదుని ఇతర జనులనుండి గుర్తించుట కష్టము గనుక జాగరూకత వలయునని యా పుస్తకము బోధించెను. లెక్కల పుస్తకములలో సైతము, అంగవికలుల పోషణకు రాజ్యమునకెంత వ్యయమగునో, ఆ ధనముతో నెన్ని గృహములు గట్టవచ్చునో లెక్క గట్టుమని బాలురను అడిగిరి. 1938 నవంబరులో యూదబాలకులను ప్రభుత్వపాఠశాలలనుండి బొత్తుగా వెడలగొట్టిరి. నిన్నటివరకు ప్రక్కబల్లపై గూర్చున్న చెలికాడు నేడు లేడు; ఏమాయెనని యడుగరాదు. అడుగకుండుటయే నాటి పిల్లలకు నేర్పబడిన ప్రధానవిద్య.

హిరణ్యకశిపుడు తన కుమారుని చండామార్కులకప్పగించెను. రాక్షసరాజ్యమునకు దగిన చదువు చెప్పుడనెను. ప్రహ్లాదుడు ఆ చదువును గెలిచెను. కావుననే యుగములు గడచినను అతని కథను చెప్పుకొనుచున్నాము. కాని ఆ చండామార్కులయొద్దనే చదివిన తక్కిన రాక్షసబాలుర మాట యేమి? ప్రహ్లాదుడు చెప్పువరకు వారు గురువులు చెప్పినదే సత్యమనుకొనిరి. లోకమున ప్రహ్లాదులు అరుదు. రాజ్యము చేతిలోని పాఠశాల తలచుకొన్నచో సామాన్యబాలుడు గురువు చెప్పినదానినే నమ్మును. మొక్కై వంగనిది మ్రానై వంగునా యను సామెతను మనము మంచి నేర్పుటకు చెప్పుకొందుము. ఆ సామెతను జర్మనీలో దుర్మార్గులు మనకంటె చక్కగా గ్రహించిరి.

ఇక ప్రశ్న యేమనగా: అట్టి బడిలో పెరిగిన బాలునకు దోషము గలదా?

దీనికి రెండు తప్పు సమాధానములు గలవు. మొదటిది: “వాడు పసివాడు, ఏమియు నెరుగడు, గడచినదేదో గడచినది, లెక్క మూసివేయుడు” అనునది. వినుటకు దయగా తోచును గాని ఇది దయ కాదు, సుఖముకొరకు వెదకుకొన్న మార్గము. రెండవది: “ఆ జాతియే అట్టిది, తండ్రి దోషము బిడ్డ రక్తమున బ్రవహించును” అనునది. ఇది న్యాయముగా తోచును గాని హిట్లరు సిద్ధాంతమే వేషము మార్చుకొని వచ్చినట్లు. పుట్టుకతోనే మనుష్యుడు దోషి యగునన్న మాటను నమ్మియే గదా సుమారు 15 లక్షల యూదబాలకులను చంపిరి! ఆ మాటను మనము జర్మనుబాలునిపై ప్రయోగించినచో, హంతకులు ఓడిపోయినను వారి తర్కము గెలిచినట్లే.

ఈ రెంటికిని నడుమ నొక త్రోవ గలదు. దోషము వేరు, బాధ్యత వేరు. దోషము చేసినవానిది. దానిని వారసత్వముగా నిచ్చుటకు వీలులేదు. బాధ్యతయన్ననో, తన యింటిలో, తన యూరిలో, తన భాషలో నేమి జరిగినదో తెలిసికొనుట, తెలిసినదానిని దాచకుండుట, మరల జరుగకుండ జూచుట. ఇది మాత్రము వారసులకు వచ్చును. తండ్రి యాస్తిని పొందువాడు తండ్రి యప్పును కాదనుటకు వీలులేనట్లే, దేశకీర్తిలో పాలుగొనువాడు దేశాపకీర్తిలో పాలు లేదనరాదు. 1985 మే 8వ తేదీని, యుద్ధము ముగిసి నలువదియేండ్లు నిండిన దినమున, పశ్చిమజర్మనీ యధ్యక్షుడు రిచర్డ్ ఫన్ వైత్సెకర్ శాసనసభలో చేసిన ప్రసంగసారము కూడ ఇదియే. నాడు పసివారైనవారు చేయని నేరమును ఒప్పుకొననక్కరలేదనియు, అయినను ఆ గతమును జర్మనులందరును స్వీకరింపవలసినదే యనియు ఆయన చెప్పెను.

మన యిరువురు బాలుర యొద్దకు మరల వత్తము. యుద్ధానంతరమున ఇటలీలో అనాథయై తిరుగుచున్న రోస్నరును చార్లెస్ మెరిల్ అను నొక అమెరికను సైనికుడు చూచి యాదరించెను. తరువాత అమెరికాకు రప్పించి చదివించెను. ఆ బాలుడు న్యాయశాస్త్రమభ్యసించి యొక గొప్ప వర్తకసంస్థకు ప్రధాన న్యాయాధికారి యయ్యెను. ట్యూబాక్ 1949లో తన జన్మదేశమగు అమెరికాకు మరలిపోయి, బర్క్‌లీలోని విశ్వవిద్యాలయమున జర్మనుభాషా సాహిత్యములకు ఆచార్యుడయ్యెను. 1980 దశకమున కాలిఫోర్నియాలో వారిరువురకును పరిచయము గలిగెను. భార్యల స్నేహము భర్తలను కలిపెను. విందులు జరిగినవి, సంగీతము, సాహిత్యము మాటాడుకొనిరి. కాని ఒకరి బాల్యమును గూర్చి యొకరు పెక్కేండ్లు లోతుగా మాటాడుకొనలేదు. ఇరువురకును ఐరోపా తెలియును. నాటి కాలము తెలియును. అందుచేతనే ఆ తలుపు తట్టుటకు ఇరువురకును వెనుకాట.

తుదకు తలుపు తెరచిరి. ఈ సంగతిలో మమ్ము మిక్కిలి కదలించినది గ్రంథరచనా విధానము. రోస్నరు తన గతమును ‘నేను’ అని చెప్పలేకపోయెను. ఆష్విట్జ్ చూచిన పిల్లవాడు తనకు దూరమైన మరియొకడైనట్లు, ఆ కథను ‘అతడు’ అనియే చెప్పవలసివచ్చెను. దానిని విని, అడిగి, లేఖనము చేసినవాడు ట్యూబాక్. అనగా యూదబాలుని యాపదను కాగితముమీద నుంచిన చేయి, ఒకప్పుడు హిట్లరునకు వందనము చేయుటకై చాపిన పిల్లవాని చేయి! తన కథను మాత్రము అతడు ‘నేను’ అనియే వ్రాసెను. తండ్రి సంగతి దాచలేదు. రాజ్యములు చేసికొను సంధులలో కానరాని విశేషమిది. ఒకడు చెప్పుటకు తెగించెను. రెండవవాడు వినుటకు తెగించెను. వినుట సులభమని తలంపవలదు. ఎదుటివాడు తన తల్లి యెట్లు పోయెనో చెప్పుచుండగా, నడుమ మాట యడ్డక, “మాకును బాంబులు పడినవి, మేమును కష్టపడితిమి” అని తూకము వేయక వినుట తపస్సు వంటిది.

ఇచట నొక బలమైన యాక్షేపణ గలదు. దానిని కప్పిపుచ్చుట మా కిష్టము లేదు. “ఇరువురు సుఖజీవులు వేయి యోజనముల దూరమున గూర్చుండి చెలిమి చేసికొన్నంతమాత్రమున, చచ్చిన 60 లక్షల మందికి సమాధానము చెప్పినట్లగునా? అట్టి కథలను మెచ్చుకొనుట, హంతకులకు చౌకగా పాపపరిహార మమ్ముట కాదా?” అని కొందరందురు. ఈ ప్రశ్నకు ప్రాణము పోసిన ఘట్టమొకటి జరిగినది. ఈవా మోజెస్ కోర్ అను నామె తన కవల సోదరితోగూడ పదియేండ్ల ప్రాయమున ఆష్విట్జ్ చేరి, మెంగెలె యను వైద్యుని ప్రయోగములకు గురియై బ్రదికెను. 1995 జనవరి 27వ తేదీని, శిబిరవిమోచనమునకు ఏబదియేండ్లు నిండిన దినమున, ఆమె హాన్స్ మ్యూంచ్ అను నాటి శిబిరవైద్యునితో గూడ అచటికి పోయెను. విషవాయుగృహముల సంగతి సత్యమని ఆతనిచే పత్రముపై చేవ్రాలు చేయించెను. తాను నాజీలను క్షమించితినని ప్రకటించెను. బ్రదికియున్న యితరులలో పలువురు దీనిని తీవ్రముగా గర్హించిరి. 2015లో లూనెబర్గ్ న్యాయస్థానమున ఆష్విట్జ్ గణకుడగు ఓస్కర్ గ్రోనింగ్‌ను ఆమె కౌగిలించుకొన్నప్పుడును, తోడి ఫిర్యాదుదారులు తమకు సమ్మతము గాదని వేరుగా చెప్పిరి.

ఎవరిది న్యాయము? మా యభిప్రాయమున ఉభయులదియు న్యాయమే. భాగవతమున ద్రౌపదిని తలచికొనుడు. నిద్రించుచున్న తన కుమారుల గొంతులు గోసిన యశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి యెదుట నిలిపినప్పుడు, పుత్రశోకమున తాను పొగులునట్లు వీని తల్లి పొగులకుండుగాక యని యామె విడువుమనెను. ఆ మాట యనుటకు అధికారము ద్రౌపదికే గలదు; బిడ్డలను పోగొట్టుకొన్నది యామె. భీముడు వధింపవలెననెను, అతనిని ఎవరును నిందింపలేదు. అర్జునుడు తుదకు వాని శిరోజములతో గూడ మణిని గోసికొని, అవమానించి, వెడలగొట్టెను. క్షమయు జరిగినది, శిక్షయు జరిగినది. ఒకటి రెండవదానిని అడ్డలేదు. లూనెబర్గులోను అట్లే యయ్యెను. ఈవా కోర్ క్షమించినను, న్యాయస్థానము గ్రోనింగునకు, మూడు లక్షల మంది హత్యకు తోడ్పడిన నేరమునకుగాను, నాలుగేండ్ల కారాగారశిక్ష విధించినది. క్షమ బాధితుని సొత్తు; దానిని అతడు ఇచ్చిన నీయవచ్చును, ఈయకున్న నడుగరాదు. ఒకరి బదులు మరియొకరు క్షమింపరాదు. అంతకంటె హీనము, గాయపడినవానితో “ఇంకను మరువవా?” యని తొందరపెట్టుట.

రాజ్యముల చరిత్రయు దీనినే బోధించుచున్నది. 1952లో లక్సెంబర్గు ఒడంబడికనుబట్టి పశ్చిమజర్మనీ ఇజ్రాయెలునకు 300 కోట్ల మార్కులును, యూదసంస్థల పక్షమున 45 కోట్ల మార్కులును చెల్లింప నొప్పుకొనెను. ధనమిచ్చిరి, కాని ఇంటిలో నోరు విప్పలేదు. యూదుల పౌరత్వమును హరించిన 1935 న్యూరెంబర్గు శాసనములకు వ్యాఖ్యానము వ్రాసిన హాన్స్ గ్లోబ్కె యను నధికారి, 1953 నుండి 1963 వరకు పశ్చిమజర్మనీ ప్రధాని కార్యాలయమునకే పెత్తనదారుడై యుండెను! దాని ఫలితమేమి? పిల్లలు అడుగుట, పెద్దలు విననట్లుండుట. ఫ్రిట్జ్ బావర్ అను ప్రభుత్వన్యాయవాది పట్టుదలచే 1963 మొదలు 1965 వరకు ఫ్రాంక్‌ఫర్టులో ఆష్విట్జ్ విచారణ నడచినపిమ్మటనే, అనేక జర్మను కుటుంబములలో తండ్రులకు ప్రశ్నలు తప్పలేదు. 1970 డిసెంబరు 7వ తేదీని ప్రధాని విల్లీ బ్రాంట్ వార్సాలో యూదవీరుల స్మారకచిహ్నము ముందు మోకరిల్లెను. ఆయన స్వయముగా నాజీల నెదిరించి పరదేశము పాలైనవాడు. మోకరిల్లవలసిన యగత్యము లేనివాడు. దోషము లేనివాడు బాధ్యత వహించుట యన నదియే.

సామాన్యప్రజలును ఊరకుండలేదు. 1958లో జర్మనీలో స్థాపింపబడిన ప్రాయశ్చిత్తసేవాసంఘము యువకులను, తమ దేశము పీడించిన దేశములకు కూలిపనికిని, సేవకును పంపినది. 1992లో డాన్ బార్-ఆన్ అను ఇజ్రాయెలు ఆచార్యుడు, హంతకుల బిడ్డలను, హతుల బిడ్డలను ఒక గదిలో గూర్చుండబెట్టెను. ఒకవైపువారు చెప్పుటకు సిగ్గుపడి, రెండవవైపువారు చెప్పుటకు వెఱచి, ఉభయగృహములలోను మౌనమే యేలినదని ఆయన కనుగొనెను. నిజమును చెప్పుటతోనే ఆ మౌనము తెగినది. మరువుడని చెప్పుటచేత తెగలేదు.

పాఠకమహాశయులారా! ఆ దినముల బాలురు నేడు తొంబదియేండ్లకు చేరువవారు, దాటినవారు. ఈవా కోర్ 2019లో స్వర్గస్థురాలయ్యెను. కన్నులార చూచినవారి వరుస తరుగుచున్నది. ఇకమీదట సాక్ష్యము పుస్తకములలోను, విన్నవారి మనస్సులలోను మాత్రమే యుండును. మా పఠనమందిరములలో కూడు మిత్రులు, అది దూరదేశపు సంగతి యని పుట త్రిప్పవలదు. ఎక్కడనైనను ఒక జనసమూహమును చీడయని, విషమని, పాము యని పిల్లలకు చెప్పుట యారంభమైననాడు, దానికి తుద యేమో ఆష్విట్జ్ రైలుపట్టాలు చూపుచున్నవి. ఆరంభమున రైలు లేదు; శిబిరము లేదు; రంగుబొమ్మల పుస్తక మొకటియు, నవ్వుచు దానిని చదివించిన యుపాధ్యాయు డొకడును, ప్రక్కబల్ల ఖాళీయైనను ప్రశ్నింపని తరగతియు మాత్రమే యుండెను.

కావున మా కోరిక స్వల్పము. ఈ రాత్రి ఇంటికి పోయి మీ పిల్లవాని సంచిలోని పుస్తకమును తెరచి చూడుడు. వాడు పాడు పాటను శ్రద్ధగా వినుడు. వాని ప్రక్కబల్లపై గూర్చుండువాని పేరేమో యడుగుడు. ఆ పేరు చెప్పునపుడు వాని మొగమున నవ్వున్నచో సంతోషింపుడు. ఏవగింపున్నచో, దానిని వానికి నేర్పినదెవరో తెలిసికొనువరకు నిద్రింపకుడు. రోస్నరు, ట్యూబాక్ కలిసికొని మాటాడుటకు నాలుగు దశాబ్దులు పైబడినది. వారు అదృష్టవంతులు, ఇరువురును బ్రదికియుండిరి. 15 లక్షల బాలురకు, చెలిమి చేసికొనుటకు రెండవ యవకాశము రాలేదు.